పెంకు కట్టేది రాత్రిపూట

యలమంచిలి నుంచి రాంబిల్లి వైపు వస్తుంటే శారదా నది సముద్రంలో కలిసే పల్లపు నేలలు మొదలవుతాయి. రాంబిల్లి మండలంలోని ఓ లేయర్ ఫారానికి వెళ్లి, ముందుగా దాణా గది చూపించమని అడిగాను. గుడ్డు గట్టిగా ఉంటుందా, ట్రేలోనే పగులుతుందా అన్నది చాలావరకు తేలేది అక్కడే.

ఓ గోడవార మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు. ఎదుటి గోడవార సున్నపురాయి పొడి, రాతి నూక, ఆల్చిప్పల నూక, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్). టన్ను దాణాలో రాయీ గుల్లా కలిపి క్వింటాలు దాకా పడుతుంది. ఒక్క పెంకులోనే రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తిన్నదాంట్లో సుమారు సగమే ఒంటబడుతుంది కాబట్టి గుడ్లు పెట్టే కోడికి రోజుకు నాలుగు గ్రాములు కావాలి.

యజమాని ఒక చేతిలో పొడి, మరో చేతిలో నూక పట్టుకుని చూపించారు. "రెండూ సున్నమేనండి. కానీ పొడి రాత్రికి మిగలదు" అన్నారు. పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది. అందులో పెంకు జోరుగా కట్టే సమయం చాలావరకు కోడి మేత ముట్టని చీకటి వేళలోనే పడుతుంది. నూక కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతూ రాత్రంతా కాల్షియం అందిస్తుంది. అది లేకపోతే కోడి తన ఎముకల్లోంచే ఎక్కువగా తీసుకోవాలి. కొన్నాళ్లకు కాళ్లు పడిపోతాయి. అందుకే సాయంత్రం మేతలో నూక పాలు పెంచుతారు.

కుర్రాడొకడు గాజు గ్లాసులో చెంచాడు గుల్ల వేసి పలచని యాసిడ్ పోశాడు. బుసబుసా పొంగింది. పొంగు అణిగాక అడుగున కాస్త ఇసుక మిగిలింది. "ఇది ఎక్కువుంటే లోడు దింపమండి" అన్నాడు. బరువు తూగినా ఇసుకతో పెంకు కట్టదు మరి.

మూలన ఉన్న మినరల్ మిక్చర్ టన్నుకు కిలో అటూ ఇటూగా పడుతుంది. కొలత చిన్నదే, పని పెద్దది. పెంకుకు కావలసిన కార్బోనేట్ తయారుచేసే ఎంజైముకు జింకు కావాలి. పెంకు నిలబడే అల్లికకు మాంగనీసు, లోపలి పొర బిగువుకు రాగి కావాలి. ఇవి తగ్గితే కాల్షియం ఎంత పోసినా పెంకు పెళుసుగానే ఉంటుంది. సెలీనియం, అయోడిన్ గుడ్డులోకే చేరతాయి, అంటే తినేవాళ్ల ఒంటికీ అందుతాయి.

ఎక్కువ వేస్తే ఎక్కువ మేలనుకోవడమూ నష్టమే. కాల్షియం మితిమీరితే భాస్వరం, జింకు, మాంగనీసు ఒంటబట్టవు. గుడ్లకు రాని పెట్టలకు లేయర్ దాణా ముందే పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

షెడ్డులో ఉప్పునీళ్ల బకెట్లు వరసగా ఉన్నాయి, ఒకదాని కంటే ఒకటి చిక్కన. గుడ్లను ఒక్కో బకెట్లో ముంచుతూ పోతే ముందుగా తేలేది పలచని పెంకుది. ముదురు కోళ్ల గుడ్లు తొందరగా తేలాయి. వయసుతో గుడ్డు పెద్దదవుతుంది, పెంకు సరుకు మాత్రం అంతే ఉంటుంది. వేసవిలో ఇంకో చిక్కు. కోడి ఎగరొప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచబడుతుంది. అందుకే చల్లటి వేళల్లో మేత, దాణాలో తినేసోడా.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్. పగిలిన గుడ్డు నష్టం మాత్రం రైతుదే. పెద్ద ఫారాలు ప్రతి లోడూ పరీక్ష చేయించుకుంటాయి. చిన్న రైతు డీలరు మాట మీద ప్యాకెట్ కొంటాడు. 1982లో పౌల్ట్రీ పారిశ్రామికవేత్త బి.వి. రావు చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (ఎన్‌ఈసీసీ) ఏర్పడ్డాక గుడ్డు ధర ప్రకటించే బలం రైతులకు వచ్చింది. ధర కోసం కలిసినవాళ్లు దాణా కోసమూ కలవాలి. నాలుగైదు ఊళ్ల రైతులు కలిసి గుల్లనూ, మిక్చరునూ, బోరు నీళ్లనూ ల్యాబ్‌కు పంపితే ఆ ఖర్చు ఒక్కొక్కరికీ భారం కాదు. ఏ ఖనిజం ఎంత వెయ్యాలో తేల్చేది ఆ రిపోర్టు కావాలి, ప్యాకెట్ మీది బొమ్మ కాకూడదు.