చలి చాలని ఏడాది విత్తనం

శీతల దేశాల మొక్కలెన్నో తమ విత్తనానికి లోపలి నుంచి గడియ వేసుకొని ఉంటాయి. తడీ చలీ కలిసి కొన్ని వారాలపాటు తగిలితే గాని అది ఊడదు. సుప్తావస్థ అనే ఈ నిద్రలో మొలకను ఆపి ఉంచే అబ్సిసిక్ ఆమ్లం చలికి క్రమంగా తగ్గి, మొలకెత్తించే జిబ్బరెల్లిన్ల ప్రభావం పెరుగుతుంది. అమెరికా ఉత్తరాది తోటమాలులు నడి శీతకాలంలో ఖాళీ పాలడబ్బాను మధ్యకు కోసి, అడుగున రంధ్రాలు పొడిచి, మట్టి నింపి, విత్తనాలు చల్లి, మూత తీసి ఆరుబయట మంచులో వదిలేసే పద్ధతి ఈ క్రమాన్నే అనుసరిస్తుంది. మార్చి ఉదయాన ఆ డబ్బా గోడలకు పట్టిన నీటిబొట్ల చాటున, పొట్టును ఇంకా నెత్తిన మోస్తున్న బీజదళాల జంట కనిపించడం ఎంత చూసినా తనివి తీరని దృశ్యం.

చలి పలచగా గడిచిన ఏడాది ఆ సంతోషంలో దిగులు కలుస్తుంది: ముందే మేల్కొన్న మొలకనైనా మొగ్గనైనా తర్వాత వచ్చే మంచు కాటేయవచ్చు. 2012 మార్చిలో మిచిగన్ రాష్ట్రంలో అకాలపు వేడికి చెర్రీ, ఆపిల్ చెట్లు వారాల ముందే మొగ్గ తొడిగితే, ఏప్రిల్‌లో గడ్డకట్టిన రాత్రులు పుల్లచెర్రీ పంటలో దాదాపు 90 శాతాన్ని తుడిచిపెట్టాయి.

అక్కడి తెలుగు కుటుంబాలు కొత్తిమీరను ఈ పాలడబ్బా పద్ధతిలో ముందే విత్తుకోవచ్చు గాని, ఉష్ణమండలపు వంకాయ, బెండ అంత చలిని తట్టుకోలేవు. పగటి ఎండను నమ్మి తొందరపడకండి. గడ్డకట్టే రాత్రి వస్తుందని తెలిస్తే మొలకల డబ్బాపై పాత దుప్పటి కప్పండి.