అంబాసిడరుకీ కావాలి టైమింగు!

సినిమా వాళ్ళ నోట తరచుగా వినిపించే మాట టైమింగు. "ఆహా, రమణారెడ్డి టైమింగే టైమింగు!" అంటుంటారు. నిజమే మరి. మా నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టిన ఆ బక్కపల్చటి మనిషి 1957 నాటి 'మాయాబజార్'లో చిన్నమయ్యగా అలా కనబడితే చాలు, హాలంతా నవ్వులే. అదే మాట ఒక్క అర సెకను ముందు అన్నా పేలదు, అర సెకను ఆలస్యంగా అన్నా పేలదు. ఈ 'పేలడం' అన్నది హాస్యానికి ఎంత ముఖ్యమో పెట్రోలు ఇంజనుకూ అంతే ముఖ్యం. ఈ సంగతి నాకు ఏ దర్శకుడూ చెప్పలేదు. మైపాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పనిచేసే ఓ ముసలి మేస్త్రీ చెప్పాడు.

మా పెదనాన్నకు ఒకప్పుడు టూరింగ్ టాకీసు ఉండేది. సముద్రపు ఒడ్డు పల్లెల్లో డేరా వేసి సినిమాలు ఆడించేవాడు. ఓనరూ ఆయనే, ఆపరేటరూ ఆయనే. ఫిల్ము పెట్టెలు మోసుకొచ్చే పని మాత్రం ఆయన అంబాసిడరుది. 1974 మోడల్, మార్క్-2, పెట్రోలు బండి. తర్వాత పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక, ఆ రోజుల్లో చాలామంది చేసినట్టే, మటడార్ వ్యాను డీజిల్ ఇంజను తెచ్చి దాంట్లో దించాడు. కాలక్రమాన టాకీసు మూతబడింది. డేరా చినిగింది. డీజిల్ ఇంజను కూడా బ్లాకు పగిలి మూలన పడింది. ఇహ కారు సంగతా? వసారాలో కోళ్ళకు కాపురమైంది.

పాతకాలపు కథలు తీసేవాళ్ళకు పాతకాలపు కార్లు కావాలి కదా! ఆ మధ్య ఓ షూటింగు మనిషి వచ్చి కారు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, "నడిస్తే చెప్పండి, అద్దెకు తీసుకుంటాం" అన్నాడు. మా అన్న, అంటే పెదనాన్న కొడుకు, లెక్కల మనిషి. మద్రాసు పుదుపేటకు వెళ్ళి అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను, 1489 సీసీది, ఒకటి తెచ్చాడు. (ఊరి పేరు చెన్నై అయినా మా నెల్లూరు వాళ్ళ నోటికి అది మద్రాసే!) "నెల రోజుల్లో నడిస్తే సరి, లేకుంటే పాత ఇనుముకు ఇచ్చేస్తా" అని ఖండితంగా చెప్పాడు. ఇనుము కొట్టువాడు వచ్చి రేటు కూడా చెప్పి వెళ్ళాడు. పెదనాన్న పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆయన అన్నం సగం కంచంలోనే ఉండిపోతోందని పెద్దమ్మ నాతో రహస్యంగా చెప్పింది.

ఇంజను బిగించడం నాలుగు రోజుల పని. ఆర్.సి.లో ఇంజను నంబరు, ఇంధనం పేరు మార్పించడానికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడం నా వంతయింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంది, నిజమే. కానీ మలేరియా రోగిలా ఒకటే వణుకు. ఎక్సలరేటరు తొక్కితే కార్బురేటరులోంచి తుస్సుమని తుమ్ము. బరువు పడితే లోపల గాజులు గలగలలాడినట్టు 'టింగ్ టింగ్' మోత. పది నిమిషాల్లో రేడియేటరు మరుగు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే, పుల్లీ మీది గాటును కవరు మీది సూచికకు ఎదురుగా పెట్టే బిగించారు. మరి ఇదేమిటి?

"అబ్బయ్యా, ఈ పుల్లీ ఈ ఇంజనుదేనని నీకెవురు జెప్పారు?" అన్నాడు మేస్త్రీ. పాత ఇంజన్లలో ఒకదాని భాగాలు మరొకదానికి ఎక్కుతూనే ఉంటాయట. అంచేత మనం నమ్మాల్సింది పిస్టన్‌ను గాని గుర్తును కాదు. ఒకటో సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ కంతకు బొటనవేలు అడ్డం పెట్టి, ఇంజనును చేత్తో తిప్పించాడు. గాలి వేలిని తన్నుతోందంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వస్తోందన్నమాట. సైకిలు పుల్ల ఒకటి లోపలికి జార్చి, అది పైకి లేచి ఆగినచోట ఒక గీత, మళ్ళీ దిగడం మొదలైనచోట మరో గీత గీసి, రెంటికీ నడిమధ్య సుద్దముక్కతో కొత్త గుర్తు పెట్టాడు. పాత గాటు అక్కడికి అర అంగుళం అవతల ఉంది!

"పిస్టన్ పైకొచ్చాక గదా నిప్పు పడాల?" అన్నాను తెలివిగా.

"ఊహూఁ. పైకి రాకముందే పడాల."

పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి ఒక్కసారిగా భగ్గున మండదు. మంట ఒక మూల అంటుకుని అంతటా పాకడానికి కొంత సమయం పడుతుంది. పిస్టన్ పైకొచ్చి కిందికి తిరిగే సరికి ఆ మంట మంచి బలం మీద ఉండాలి. కాబట్టి నిప్పురవ్వ కొన్ని డిగ్రీలు ముందే పడాలి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందే పడాలి. డిస్ట్రిబ్యూటరులో స్ప్రింగులు కట్టిన రెండు చిన్న బరువులు చేసేది ఆ పనే. నిప్పు మరీ ముందు పడితే ఎదురొస్తున్న పిస్టన్ నెత్తిన సమ్మెట దెబ్బే! ఆ గాజుల మోత అదే. ఆలస్యంగా పడితే బలమంతా సైలెన్సరు పాలు. ఎంత తొక్కినా బండి లాగదు.

అంతదాకా మంచం మీద గమ్మున కూర్చున్న పెదనాన్న ఉన్నట్టుండి నోరు విప్పాడు. "అంటే, లూపు తప్పిందంటావు!"

మేస్త్రీకి అర్థం కాలేదు గాని, సినిమా పాఠకులు మీకు అర్థం కావాలి. 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక బొమ్మకు చెందిన శబ్దం ఆ బొమ్మ పక్కనే ఉండదు. సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది. ఎందుకంటే ప్రొజెక్టరులో బొమ్మ పడే గేటు పైన, శబ్దాన్ని చదివే దీపం కింద. రెంటి మధ్యా ఫిల్ము వదులుగా వేసే లూపు కాస్త పెద్దదైనా, చిన్నదైనా హీరో పెదవులు ఒకలా, మాట ఇంకొకలా! ముందుండవలసినది సరిగ్గా అంతే ముందుంటేనే హాల్లో రెండూ కలుస్తాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లలో కలిపి సెకనుకు 100 నిప్పురవ్వలు పడాలి. సినిమాకైతే 24 ఫ్రేములే! పెదనాన్న పాతికేళ్ళు కాపాడిన లెక్క, మేస్త్రీ కాపాడుతున్న లెక్క రెండూ ఒకటేనని అప్పుడు తట్టింది నాకు.

ఆ రోజు నుంచీ పెదనాన్న కుర్చీ షెడ్డులోకి మారింది.

ముందు పాయింట్ల సందు పదిహేను 'తౌ'కు, అంటే అంగుళంలో వెయ్యి వంతులు 15కు, సరిచేశారు. మా ఉప్పుగాలికి పాయింట్లు త్వరగా చిలుము పడతాయి. అందుకని గీకి, తుడిచి మరీ పెట్టారు. తర్వాత చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి డిస్ట్రిబ్యూటరుకు, ఇంకొకటి బాడీకి. ఇంజనును తిరగవలసిన వైపే మెల్లగా తిప్పుతుంటే పాయింట్లు విడిన క్షణాన బల్బు వెలుగుతుంది. సుద్దగుర్తుకు కావలసినన్ని డిగ్రీల ముందు అది వెలిగేలా డిస్ట్రిబ్యూటరును తిప్పి బిగించారు.

ఇహ కార్బురేటరు. మా బండిది ఎస్.యు. రకం. అందులో ఒక పిస్టన్, దాని కింద సూది, సూది దిగే జెట్టు. అడుగున నట్టు దించితే పెట్రోలు ఎక్కువ, ఎక్కిస్తే తక్కువ. ఇంజను బాగా వేడెక్కాక పిస్టన్‌ను నూలుపోగంత పైకి లేపి చూడాలి. ఇంజను వేగం కొంచెం పెరిగి మళ్ళీ సర్దుకుంటే పాలు సరిపోయినట్టు. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. ఆగిపోతే తక్కువైనట్టు. మా బండి టక్కున ఆగిపోయింది!

దీనికీ కారణం ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలని పాత లెక్క. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి 13.5 కిలోల దగ్గరే చాలు. అంటే ఆనాటి కొలతకు పెట్టిన జెట్టు ఈనాటి పెట్రోలుకు చాలదు. మేస్త్రీకి ఈ అంకెలు తెలియవు. "ఇప్పటి పెట్రోలుకు ఆకలెక్కువ" అంటూ నట్టును కొద్దికొద్దిగా దించాడు. పాత రబ్బరు గొట్టాలను ఇథనాల్ పాడుచేస్తుందని అన్నిటినీ మార్పించాడు.

ఒకటి ముట్టుకుంటే రెండోది కదులుతుంది, అదీ చిక్కు. పాయింట్ల సందు మారితే టైమింగు మారుతుంది. టైమింగు మారితే ఇంజను వేగం, దాంతో మిక్చరు లెక్కా మారుతుంది. కాబట్టి ముందు పాయింట్లు, తర్వాత టైమింగు, చివర కార్బురేటరు. మళ్ళీ మొదటినుంచి! మూడు రోజులు ఇదే పూజ. ఆఖరి పరీక్ష రోడ్డు మీద. కాలవ వంతెన ఎక్కేచోట టాప్ గేరులోనే గట్టిగా తొక్కాలి. గాజుల మోత లీలగా వినిపించి, బండి వేగం అందుకోగానే పోవాలి. వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్న పెదనాన్న నాలుగోసారికి "ఇప్పుడు సింకు కుదిరింది" అన్నాడు. మేస్త్రీ మారుమాట లేకుండా బోల్టు బిగించేశాడు.

షూటింగు ఏమైందంటారా? వాయిదా పడింది. ఇంకా పడుతూనే ఉంది! అద్దె రూపాయి రాలేదు. అయినా మా అన్న ఇనుము కొట్టువాడికి కబురు పంపలేదు. రోజూ పొద్దున్నే ఇంజను శబ్దానికి నిద్ర లేస్తున్నాననీ, అది నాన్న చేసే గొడవేననీ విసుక్కుంటాడు. అంతకు మించి ఏమీ అనడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఏదైనా మూలన పడి ఉంటే, పుస్తకం తెరవండి, తప్పులేదు. కానీ దాంతోబాటు మీ ఊరి ముసలి మేస్త్రీ ఇంకా షెడ్డు తెరుస్తున్నాడేమో వెళ్ళి చూడండి. మా మేస్త్రీ దగ్గర ఇప్పుడు ఓ కుర్రాడు చేరాడు. వాడికి కంప్యూటరు పెట్టి కొత్త కార్ల జబ్బులు కనిపెట్టడం వచ్చు. పాత బండి దగ్గరికొస్తే మాత్రం మేస్త్రీ వాడి ఫోను లాక్కుని జేబులో వేసుకుంటాడు. "ముందు విను, అబ్బయ్యా! చూసేది తర్వాత!"