కీర్తికి కొలత

యశఃకాయమునకు జరామరణముల భయము లేదని మన సంస్కృతకవులు చెప్పిరి. ఆ మాటను మేమును ఏటేట తరగతిలో వివరించుచునే యున్నాము. కీర్తికి మరణము లేదందము, ముసలితనమైనను లేదా? ఉన్నచో దానిని కనుగొను టెట్లు? అమెరికా దేశపు రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని గూర్చి చదువుచుండగా మాకీ సందేహము బలపడినది. 1935లో పుట్టిన యాయన, మేమిప్పుడున్న ప్రాయముననే, 1977 ఆగస్టులో మరణించెను. ఆయన కీర్తికి నేటికిని లోపము లేదని యభిమానులు వాదింతురు.

వారు మొదట చూపునది రికార్డుల అమ్మకము. అవి కోట్లకొలది అమ్ముడుపోయినమాట నిజమే. కాని మొత్తము పెరుగునేగాని తరుగదు. 1956లో కొన్న రికార్డు అటుకమీద దుమ్ముపట్టి యున్నను లెక్కలో నుండనే యుండును. వరద తీసినపిదప గట్టున మిగిలిన గీటు ఏఱు ఎంతయెత్తున పాఱెనో చెప్పును. ఇప్పుడు నీరు కలదో లేదో చెప్పదు.

రెండవది అమ్మకముల పట్టికలోని స్థానము. 'జెయిల్‌హౌస్ రాక్' అను పాట 1958 జనవరిలో బ్రిటనునందు పట్టికలో ప్రవేశించుటయే ప్రథమస్థానమున ప్రవేశించినది. అంతకుముందు ఏ పాటకును అది సాధ్యపడలేదు. ఆయన డెబ్బదవ జన్మదినమునకు, 2005 జనవరిలో, దానిని మరల విడుదల చేయగా మరల ప్రథమస్థానమే వచ్చినది. కాని విడిపాటల రికార్డులు కొనువారే యరుదైన యా దినములలో ఇరువదియొక్కవేల ప్రతులు మాత్రమే అందుకు చాలినవి. తరగతిలో పదిమందియే మిగిలినప్పుడు మొదటివాడగుట యేమంత కష్టము?

ఇక 2002 నాటి ముచ్చట. 1968లో అంతగా ఆదరణ పొందని 'ఎ లిటిల్ లెస్ కాన్వర్జేషన్' అను పాటకు డచ్చి సంగీతజ్ఞు డొకడు క్రొత్త హంగులు కూర్చెను. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలవేళ బూట్ల ప్రకటనలో అది వినవచ్చెను. బ్రిటనులో నాలుగువారములు అగ్రస్థానమున నిలిచెను. ఇది గాయకుని బలమా, ప్రకటన బలమా? ప్రకటన పాటను చెవిదాక తేగలదు. అటుపిమ్మట వినినవాడు తనంతట మఱియొక పాటను వెదకికొనెనా యనునదే మాకు ముఖ్యము.

మా మతమున, గాయకుడు మరణించినపిదప పుట్టినవారిలో, ఎవరి ప్రేరణయు లేక రెండవ పాటకై వచ్చువారి సంఖ్యయే నిజమైన కొలత. అంతర్జాలమున వినిన ప్రతిసారియు నేడు లెక్కకెక్కుచున్నది గనుక ఈ పని సులభమైనదనుకొందురేమో! యంత్రము తానే తరువాతి పాటను అందించుచున్నచో అదియు నియమిత పాఠ్యగ్రంథము వంటిదే.

పాఠ్యగ్రంథముల సంగతి మేమెఱుగనిది కాదు. ఒక కావ్యభాగము పాఠ్యముగా నియమింపబడినంతనే వేలకొలది ప్రతులు అచ్చగును. పరీక్ష ముగిసిన మరునాడే వానిలో ననేకములు పాతపుస్తకముల యంగడి చేరును. ఆ వేలను చూపి, మన కవులు చిరంజీవులని సభలలో చప్పట్లు కొట్టించుట ఆత్మవంచన. వేసవి సెలవులలో, మార్కుల యాశ లేకుండ, ఆ కవి తక్కిన పద్యములకై గ్రంథాలయపు మెట్లెక్కిన బాలుడొక్కడున్నచో వానిని లెక్కింపుడు. ఎవడును లేనిచో, ఆ లోపము కవిదో, బోధించు మాదో ముందుగా విచారింపవలసియున్నది.