దాచుకున్న విత్తనం

ఎర్రమంజిల్‌లో ఒక అద్దె గదిలో ఉంటున్నాం. ఆదిలాబాద్ గూడేల నుంచి చదువు కోసం వచ్చిన నలుగురం. నలుగురికీ కలిపి ఒకటే కంప్యూటర్, అదీ సెకండ్ హ్యాండ్‌ది. పరీక్షల నోట్సు, ఉద్యోగ దరఖాస్తులు, మా పెద్దల దగ్గర విని రాసుకున్న కథలు అన్నీ అందులోనే ఉన్నాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, దానికి తగిన ప్రాసెసర్ ఉండాలి. మా కంప్యూటర్‌లో అవి లేవు. రిపేరు షాపతను కొత్తది కొనుక్కోమన్నాడు. కానీ మా దగ్గర అంత డబ్బు లేదు.

పక్కనే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ లినక్స్ నేర్పుతామనే బోర్డులు కనిపిస్తాయి. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లే గానీ ఇంట్లో వాడేవాళ్లు తక్కువ. మేము వాడి చూద్దామనుకున్నాం.

ముందు ఫైళ్లన్నీ వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాం. లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని మీదనుంచే కంప్యూటర్ నడిపి చూశాం. వైఫై, సౌండ్, తెలుగు కీబోర్డ్ పనిచేస్తున్నాయని తేలాకే లోపల ఇన్‌స్టాల్ చేశాం. పాత యంత్రం మళ్లీ చురుగ్గా నడిచింది.

చిక్కు మా కథల దగ్గర వచ్చింది. వాటిని అను ఫాంట్లలో టైపు చేశాం. ఆ ఫాంట్ లేనిచోట అవి అర్థంకాని గుర్తులే. ఒక్కొక్క కథనూ యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దుకున్నాం. చాలా రాత్రులు పట్టింది. ప్రెస్సులో ఇప్పటికీ పాత ఫాంట్లే అడుగుతారు. అచ్చుకు ఇవ్వాలంటే బయట మళ్లీ మార్పించుకోవాలి. ఆ బాధ ఇంకా తీరలేదు.

మరో పని కూడా చేశాం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. అది విండోస్‌లో కూడా వేసుకోవచ్చు. మేము మాత్రం మా అక్షరాలను తెర మీద మొదటిసారి లినక్స్‌లోనే చూశాం. అంతకుముందు ఆ చోట ఖాళీ డబ్బాలు కనిపించేవి.

మా ఊళ్లో పత్తి విత్తనాల ప్యాకెట్ ఏటా కొనాల్సిందే. జొన్న విత్తనం మాత్రం ఇంట్లోనే దాచుకుంటాం, పక్కింటికి ఇస్తాం, వాళ్లు మరొకరికి ఇస్తారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కూడా అలాంటిదే. వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. దీని గొప్ప డబ్బు కట్టకపోవడంలో లేదు, ఎవరి అనుమతీ అడగకపోవడంలో ఉంది.

తెలుగులో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. గోండి, కోయ, కొలామీ భాషల్లో మెనూలు, కీబోర్డులు ఎవరు చేస్తారు? మనమే చేయాలి. మీ హాస్టల్‌లో మూలన పడేసిన కంప్యూటర్ ఉంటే పారేయొద్దు. ముందు అందులోని కథలను జాగ్రత్త చేయండి. తరువాత పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.