విఘ్నము లేని విరామము

మా పల్లెలో ఒక బాలునకు 'డాక్టరు' అను బిరుదు పదవ తరగతిలోనే లభించినది. ఇచ్చినవాడను నేను. పరీక్షాఫలితములు వచ్చిననాడు బడి ముంగిట నిలిచి, చేపలబుట్టలతో పోవుచున్న ఆడవారు వినునట్లుగా, "వీడు మన తీరమునకు వైద్యుడు కాగలడు" అని చాటితిని. నాటినుండి పట్టపువారి ఇండ్లలో వాని అసలుపేరు మఱుగుపడినది. అంగడివాడు డాక్టరు అనెను; పడవలవారు డాక్టరు అనిరి; తల్లియు ఆ పేరుననే అన్నమునకు పిలిచెను. ఆ పిలుపు వినినప్పుడెల్ల నాకు గర్వము కలుగుచుండెడిది. ఆ గర్వమును గూర్చి నేడు కొంత వ్రాయవలసియున్నది.

మాది మైపాటికి చేరువ, ఇసుకదిబ్బల నడుమ సరుగుడు తోపుల ప్రక్కనున్న చిన్నపల్లె. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. పడవలన్నియు గట్టుమీద వరుసతీరి యుండును. మగవారు నీడపట్టున గూర్చుండి వలలు బాగుచేసికొందురు. గత వేసవి అట్టి దినములలో, సెలవులు రాకుండగనే, వాడు ఇల్లు చేరెను. వైద్యవిద్యలో అది వానికి తుదియేడు.

వారము గడచిన పిమ్మట తల్లి నాకడకు వచ్చినది. "సారూ, పిలగాడు పుస్తకం తెరవడు, మాట్లాడడు. కాలేజీకి ఎప్పుడు పోతావురా అంటే పలకడు. మీరు చెపితే ఇంటాడు."

మీరు చెపితే ఇంటాడు! ఉపాధ్యాయుని చెవికి ఇంతకన్న తీయనిమాట లేదు. నేను రెండు ఆయుధములతో బయలుదేరితిని. మొదటిది భర్తృహరి సుభాషితము. ఏనుగు లక్ష్మణకవి తెలిగించిన ఆ పద్యము నెఱుగని తెలుగు బాలుడుండడు. విఘ్నమునకు వెఱచి మొదలే పెట్టనివారు అధములు, మొదలుపెట్టి విఘ్నము రాగా విడుచువారు మధ్యములు, ఎన్ని విఘ్నములు వచ్చినను విడువనివారు ఉత్తములు. రెండవ ఆయుధము యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుడు మెట్రిక్యులేషను మూడవమాఱు గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గుఱియై, ఎంబీబీయస్ పట్టమునకు బదులు ఎల్.ఎం.యస్.తోడనే వెలువడెను, అయినను అమెరికాకు పోయి, నేడు బోదకాలు నివారణకై ఇంటింట పంచు మాత్రకు మూలమైన పరిశోధనను నడపెను.

వాడు పడవ నీడను గూర్చుండి యుండెను. నేను చెప్పినదంతయు మర్యాదగా వినెను. తుదకు మెల్లగా ననెను:

"సారూ, ఆ పద్యం తొమ్మిదో తరగతిలో మీరే చెప్పారు. రోజూ అదే చదువుకుంటున్నాను. సుబ్బారావుగారికి అడ్డుపడ్డవాళ్లు ఉన్నారు. నాకెవరు అడ్డుపడ్డారు? ఒళ్లు బాగుంది. ఫీజు కట్టారు. ఒక్క పరీక్షా తప్పలేదు. విఘ్నమేదీ లేకుండా ఆగిపోయినవాడు ఆ పద్యంలో ఎక్కడుంటాడు?"

నాకడ సమాధానము లేకపోయినది. ఇరువది యేండ్లుగా ఆ పద్యమును చెప్పుచున్నవాడను. ఈ ప్రశ్న నాకు తోచలేదు.

పిదప వాడు కొంత చెప్పెను. ఎంబీబీయస్ నాలుగున్నర యేండ్లు, పిమ్మట ఒకయేడు ఆసుపత్రిలో హవుస్‌సర్జను కొలువు. మనము అదియే గట్టనుకొందుము. లోపలివారికి గట్టు కనబడదు. తుదిపరీక్షకు చదువవలసిన వేళనే, అటుపై రానున్న పీజీ ప్రవేశపరీక్షకు ప్రశ్నలు వల్లెవేయుచుందురట. ఎంబీబీయస్ మాత్రమే చదివినవానిని ఎవరు లెక్కింతురని ఒకరినొకరు బెదరించుకొందురట. ఒకనాడు వార్డులో పన్నెండుగురు విద్యార్థులు ఒక ముసలి పడవవాని కడుపు నొకరి తరువాత నొకరు తడవి చూచిరి. కాలేయము ఎన్ని వ్రేళ్ల మేర దిగినదో మావాడు సరిగా చెప్పి మెప్పు పొందెను. అందఱును వెడలిన పిమ్మట ఆ ముసలివాడు వీని చేయిపట్టుకొని, "అబ్బయ్యా, ఇంటికి పంపిస్తారా?" అని యడిగెను. వీనికి మాట రాలేదు. మఱునాడు ఆ మంచముమీద వేఱొకరు పరుండిరి.

"అందువలననా?" అని యడిగితిని. నాకు కారణమొకటి దొరకినదని లోలోపల సంతోషమైనది.

"అదేం కాదు సారూ. అంతకుముందే. ఒకరోజు రాత్రి పుస్తకం తెరిచి చూస్తే, సాయంత్రం నుంచి ఒకే పేజీ."

తరువాత నేను విచారింపగా తెలిసినది: 2024లో జాతీయ వైద్య కమిషను నియమించిన సంఘము దేశమందలి వైద్యవిద్యార్థుల మనఃస్థితిని గూర్చి నివేదిక వెలువరించినది. ప్రశ్నలకు బదులిచ్చిన ఎంబీబీయస్ విద్యార్థులు 25,590 మంది. వారిలో నూటికి 27.8 మంది తమకు మానసికవ్యాధి నిర్ణయింపబడినదని తెలిపిరి. నలుగురిలో నొకనికన్న నెక్కువ. మా పల్లెలో ఇట్టిదానికి పేరు 'కొవ్వు'. పట్టణములో 'సోమరితనము'.

సంస్కృతము చదివినవాడను గనుక గీత జ్ఞప్తికి వచ్చినది. ఆజన్మము అస్త్రవిద్య నేర్చినవాడు, సర్వము సిద్ధమైన వేళ, విల్లు క్రిందపెట్టెను. శ్రీకృష్ణుడంతటివాడును మొదట మందలించెను, నపుంసకత్వము వలదనెను. దానివలన నేమైనది? అర్జునుడు 'యుద్ధము చేయను' అని చెప్పి మౌనము వహించెను. మందలింపు రెండు శ్లోకములలో ముగిసినది. పిదప జరిగినదంతయు సంభాషణము. మేము ఆ రెండు శ్లోకములనే కంఠస్థము చేయించి మిగిలినది విడిచితిమి.

కడలివైపు చూచుచు, విశ్రాంతి నొందుచున్న సముద్రమును గూర్చి ఒక ఉపమానము చెప్పబోయి మ్రింగితిని. బదులుగా, భార్యకును చెప్పని మాట యొకటి వానికి చెప్పితిని. నేను పదునెనిమిదేండ్ల క్రిందట పీహెచ్‌డీకి వ్యాసము వ్రాసితిని. ఐదు ప్రకరణములు ముగిసినవి, ఆఱవది మాత్రము మిగిలినది. ఒకనాటినుండి కలము సాగలేదు. పర్యవేక్షకునకు బదిలీ యైనదనియు, అందువలన నిలిచిపోయినదనియు అందఱకు చెప్పితిని. బదిలీ కాలేదు. విఘ్నము లేదు గనుక, మధ్యముడనైనను అనిపించుకొనుటకు విఘ్నమును కల్పించితిని. ఆ కాగితములు మా యింటి ట్రంకుపెట్టెలో నున్నవి.

వాడు నావైపు చాలసేపు చూచెను. "విషయమేంది సారూ?" అని యడిగెను. చెప్పితిని. వాడు నవ్వెను. ఇంటికి వచ్చిన పిమ్మట నవ్వుట అదియే మొదలని తల్లి పిదప చెప్పినది.

ఆ సాయంకాలమే వాని తండ్రితో మాటలాడితిని. ఆయన పడవలోని తన పాలును అమ్మి కొడుకును చదివించి, ఇప్పుడు ఒరుల పడవలో కూలికి పోవుచున్నాడు. ఒక మానసిక వైద్యునికి చూపవలయుననియు, పరీక్ష ఈమాఱు వ్రాసినను తరువాత వ్రాసినను మనము తొందరపెట్టరాదనియు చెప్పితిని. వలకఱ్ఱ చేతనుండగనే ఆయన వినెను. అప్పు మాట ఎత్తునని వెఱచితిని.

"అప్పు నేను చూసుకుంటా. ఊరికేం చెప్పాల సారూ?"

"ఊరికి నేను చెప్పెదను. ఆ పేరు పెట్టినది నేనే" అంటిని. మఱునాటినుండి వానిని అసలుపేరున పిలుచుచున్నాను. అంగడివాడు ఇంకను 'డాక్టరు' అనుచునేయున్నాడు. వానితో రెండుమాఱులు కలహించితిని.

జూనులో వేట తెఱచిన దినములలో వాడు కళాశాలకు తిరిగిపోయెను. ఆదివారము రాత్రి ఫోను చేయును. వైద్యుని చూచుచున్నాడు. పరీక్షమాట నేనడుగను, వాడు చెప్పడు. కడపటిసారి మాటలాడినప్పుడు ట్రంకుపెట్టె తెఱచితినా యని యడిగెను. ఇంకను తెఱువలేదని చెప్పితిని.