సాగరతీరాన మా విందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. చదువు గురించీ, క్రమశిక్షణ గురించీ రాసేవారు ఎలాగూ ఉంటారు కనుక మేము తిండి గురించి రాస్తున్నాము. మాలో ఒకరు బాలుర హాస్టల్లో, ఒకరు బాలికల హాస్టల్లో పెరిగినవాళ్లం. మా రెండిళ్లలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పీజీ పూర్తయ్యాక పెళ్లి చేసుకుని, మార్గశిర పౌర్ణమికి మూడు రోజులు విశాఖపట్నం వెళ్లాము.

ఊరు చూసిన సంగతి క్లుప్తంగా చెప్తాము. కైలాసగిరి ఎక్కాము. 2002లో ఆర్.కె. బీచ్‌లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి, నావికులు పడుకునే ఇరుకు బల్లలు చూసి, మన హాస్టలే నయమని నవ్వుకున్నాము.

ఇక విందు. పెళ్లికి స్నేహితులందరూ చందాలు వేసుకుని నాలుగు వేలు కవర్లో పెట్టి, "ఇది ఇంట్లో ఇవ్వొద్దు, మీ ఇద్దరూ మంచి హోటల్లో భోంచేయండి" అని రాసిచ్చారు. ఆ కవరు నాలుగు నెలలు పెట్టెలోనే ఉంది. చివరికి పౌర్ణమి సాయంత్రం సముద్రానికి ఎదురుగా, మేడ మీద ఉన్న ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్లాము. సినిమాల్లో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు గానీ మనది తూర్పు తీరం, ఇక్కడ సూర్యుడు వెనక కొండల్లోకి దిగిపోతాడు. నీళ్లలోంచి పైకి వచ్చేది చంద్రుడు, అదీ పౌర్ణమినాడు పొద్దుగూకే వేళకే. మేము కూర్చునేసరికి ఎర్రగా పైకి లేస్తున్నాడు. బల్ల మీద కొవ్వొత్తి, గాజు గ్లాసులు, మడతపెట్టిన తెల్లగుడ్డ.

వడ్డించే అబ్బాయి మా వయసువాడే. కత్తీ ఫోర్కూ సంగతి అతన్నే అడిగాము. పళ్లెంలో రెండూ విడివిడిగా పెడితే ఇంకా తింటున్నామని, పక్కపక్కన కలిపి పెడితే అయిపోయిందని గుర్తట. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గుర్తుంచుకోండి, కలిపి పెట్టారంటే పళ్లెం తీసుకుపోతారు! వంజరం చేప ముక్క మాత్రం మేము చేత్తోనే తిన్నాము. ఎవరూ ఏమీ అనలేదు.

సూప్‌కూ చేపకూ మధ్య అరగంట, చేపకూ ఐస్‌క్రీముకూ మధ్య ఇంకో అరగంట. హాస్టల్లో పది నిమిషాల్లో కంచం ఖాళీ చేసి కడుక్కునే అలవాటు మాది. పెళ్లయ్యాక కూడా ఒకే గది ఇంట్లో పదిమంది మధ్య తినడమే గాని, ఎదురెదురుగా కూర్చుని ఇంతసేపు మాట్లాడుకున్నది లేదు. బాలికల హాస్టల్లో ఉన్నవారు ఆ రాత్రే మొదటిసారి ఒక సంగతి చెప్పారు. ఆదివారం చూడడానికి వస్తే అమ్మకు ఆ రోజు కూలి పోతుంది. ఐదేళ్లలో ఆమె వచ్చింది తొమ్మిదిసార్లు. తొమ్మిదిసార్లూ ఏ చీర కట్టుకొచ్చిందో వరసగా చెప్పారు. రెండో వారు ఏమీ అనలేక నీళ్ల గ్లాసు ఇటు జరిపారు.

బిల్లు వచ్చింది. తిన్నదానికి 3,150. దాని మీద సర్వీస్ చార్జీ అని పది శాతం, ఆపైన జీఎస్టీ. సర్వీస్ చార్జీని బిల్లులో తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. మాలో ఒకరు "పోనీలే, ఈ పూటకి వదిలేద్దాం" అన్నారు. రెండోవారు వినలేదు. మెనూ బోర్డు మీద గుడ్డు రాసి, కంచంలో లేకపోతే వార్డెన్ గారి గదికి వెళ్లి అడిగినవాళ్లం కదా. మేనేజరు ముందు మా ముఖాలు, తర్వాత మా చెప్పులు చూసి, మారు మాట్లాడకుండా తీసేశాడు. వడ్డించిన అబ్బాయికి వంద రూపాయలు చేతికే ఇచ్చాము. ఒకవేళ తీసేయకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు.

అయిదు శాతం జీఎస్టీతో 3,307 రూపాయలయింది. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే దాదాపు పదకొండు రోజులు. తొమ్మిది కన్నా రెండెక్కువ. ఆ లెక్క ఇద్దరికీ తట్టింది గాని, ఎవరూ పైకి అనలేదు. చంద్రుడు అప్పటికి బాగా పైకి వచ్చి తెల్లబడ్డాడు. లేచి ఇసుకలో చాలాసేపు నడిచాము.

రాత్రి అమ్మ ఫోన్ చేసి ఏం తిన్నారని అడిగింది. చేప అన్నాము. ఉప్పూ కారం సరిపోయిందా అంది. కొంచెం చప్పగా ఉందన్నాము. ఎంతయిందంటే, స్నేహితులు పెట్టించారని చెప్పాము. "అయితే వాళ్లకేమైనా పట్టుకురండి, వట్టి చేతుల్తో రాకండి" అంది.

మర్నాడు మాడుగుల హల్వా కొని రైలెక్కాము. అందులో రెండు కిలోలు హాస్టల్‌కు పంపాము. చిన్న తరగతులవాళ్లకు కూడా అందిందో లేదో తమ్ముళ్లు ఉత్తరం రాయాలి.