చిన్న ముక్కే కదా అని వేలు పెట్టకండి!

జబ్బు వచ్చాక మందు రాయడం మా వృత్తి. రాకముందే ఒక్క మాట చెప్పి ఉంటే బావుండేదే అని నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి ఒకటుంది. ఈ వారం అదే రాస్తున్నాను.

2016 వేసవిలో మా ఇంటి గేటు కుంగిపోతే, కొత్త బందులు చేయించడానికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్కుషాపుకి వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు బ్యాండ్ సా మిషను మీద గుండ్రటి ఇనపరాడ్డు ముక్కలు కోస్తున్నాడు. రాడ్డు పొడుగ్గా ఉన్నంతసేపూ పని సాఫీగా సాగింది. చివరికి రెండంగుళాల తుండు మిగిలింది. దాన్ని వైసులో ఒక కొసన బిగించాడు. ఎంత బిగించినా అది కదులుతూనే ఉంది. కుర్రాడు ఎడమచేతి వేళ్ళతో దాన్ని అదిమిపట్టి మిషను వేశాడు. నా గుండె ఝల్లుమంది. అయినా నోరు విప్పలేదు. ఇనుము సంగతి వాడికి తెలియదా, నాకెందుకులే అనుకుని వచ్చేశాను.

పది రోజులు తిరక్కుండానే ఆ కుర్రాణ్ణి వాళ్ళమ్మ మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. చేతికి పాత తువ్వాలు, దానినిండా నెత్తురు. ఆవిడ చేతిలో స్టీలు గిన్నె, అందులో ఐసుముక్కల మధ్య చూపుడువేలు. "వేలు జాగ్రత్తగా తెచ్చానయ్యా, అతికించు బాబూ" అంది. పాపం, తనకు తెలిసినంతలో జాగ్రత్తే పడింది. కానీ బ్లేడు పళ్ళకి అంచులు చీలికలైపోయాయి. ఐసు నేరుగా తగిలి వేలు బిగుసుకుపోయింది. ప్లాస్టిక్ సర్జన్ చూసి తల అడ్డంగా ఊపారు. ఆ తల్లికి ఆ మాట నేనే చెప్పవలసి వచ్చింది.

వెంట వచ్చిన ముసలి మేస్త్రీ వరండాలో కూలబడి, "ఎదురుముక్క పెట్టరా అని చెప్తూనే ఉన్నానండీ డాక్టరుగారూ" అని కళ్ళొత్తుకున్నాడు. అదేమిటని అడిగితే వివరంగా చెప్పాడు.

వైసుకి రెండు దవడలుంటాయి. పొడుగు రాడ్డయితే దవడల పొడుగునా ఆనుతుంది, పట్టు చిక్కుతుంది. పొట్టి ముక్క ఒక కొసనే ఆనుతుంది. రెండో కొసన ఖాళీ. ఒకపక్కనే కాళ్ళున్న పీట మీద కూర్చుంటే ఏమవుతుంది? ఒరుగుతుంది. దవడా అంతే. బిగించేకొద్దీ ఖాళీ ఉన్న వైపుకి ఒరిగి, ముక్కని అంచుతో మాత్రమే పట్టుకుంటుంది. బ్లేడు తగలగానే ముక్క తిరుగుతుంది, లేదా ఎగిరిపడుతుంది. బ్లేడు పళ్ళూ విరుగుతాయి. అప్పుడే వేలు సాయం పోతుంది.

దీనికి మందు పైసా ఖర్చు లేనిది. అదే రాడ్డులోంచి కోసిన, అదే లావు ముక్కని రెండో కొసన పెట్టి బిగించడమే. దవడలు సమానంగా నిలుస్తాయి. సరిపోయే ముక్క దొరక్కపోతే బోల్టుకి నట్టు ఎక్కించి, కావలసినంత పొడుగుకి తిప్పి అడ్డం పెట్టొచ్చు. బిగించాక, మిషను వేయకముందే, ముక్కని చేత్తో కదిపి చూడాలి. కదిలితే కోయకూడదు. మరీ పొట్టిదైతే బల్ల వైసులో బిగించి చేతిరంపంతో కోసుకోవడం మేలు. ముక్క సర్దాలంటే మిషను ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. తిరిగే బ్లేడు దగ్గర చేతికి గ్లవుజులు వద్దు, అవి చిక్కుకుని చేతిని లోపలికి లాగుతాయి. కళ్ళకి అద్దాలు మాత్రం తప్పనిసరి.

ఇంత జాగ్రత్తపడ్డా ప్రమాదం జరిగితే? గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉంచండి. కాఫీపొడి, పసుపు, సున్నం వేయకండి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి. తెగిన వేలిని మంచినీళ్ళతో తేలిగ్గా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ళలో ఉంచండి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు, నీళ్ళూ తగలకూడదు. 108కి ఫోను చేసి, వేలు అతికించే సౌకర్యమున్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి. ధనుర్వాతం టీకా సంగతి డాక్టరుకి గుర్తుచేయండి.

ఈమధ్య ఆ వర్కుషాపుకి మళ్ళీ వెళ్ళాను. కుర్రాడు అక్కడే పనిచేస్తున్నాడు, ఇప్పుడు వాడే మేస్త్రీ. మిషను పక్కన ఒక డబ్బాలో రకరకాల లావుల్లో ఎదురుముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. "కొత్తగా వచ్చినవాడికి ముందు ఈ డబ్బా చూపిస్తానండీ, తర్వాత నా చెయ్యి చూపిస్తాను" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

మీ ఇంట్లో ఐ.టి.ఐ. చదివే కుర్రాడో, షెడ్డులో పనిచేసే తమ్ముడో ఉంటే ఇది చదివి వినిపించండి. ఎక్కడైనా ఎవరైనా అలా వేలు పెట్టడం కంటబడితే, నాలాగా నాకెందుకులే అనుకోకండి. మిషను ఆపమని ఒక్క మాట అనండి. కోపగించుకున్నా ఫరవాలేదు, వేలు మిగులుతుంది.